కాలువ మీద పడవ, గట్టు పక్కన కాఫీ హోటల్: సహకార సంఘంగా నడపడం ఎలా?

గోదావరి డెల్టా కాలువలను తవ్వినప్పుడు సాగునీటితోపాటు పడవల రాకపోకలనూ దృష్టిలో పెట్టుకున్నారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి బయలుదేరిన ప్రధాన కాలువల మీద, ఎగువ నీటి మట్టం నుంచి దిగువ మట్టానికి పడవలను దించడానికి లాకులు కట్టారు. ధాన్యం, కొబ్బరి, మనుషులు అన్నీ ఆ దారినే సాగేవి. లారీలు వచ్చాక ఆ రవాణా అడుగంటింది. 2008లో కాకినాడ, ఏలూరు, కొమ్మమూరు, బకింగ్‌హామ్ కాలువలను గోదావరి, కృష్ణా నదులతో కలిపి నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించినా, పల్లెల్లో కాలువ గట్టున బతికే కుటుంబాలకు పడవ మళ్లీ జీవనాధారం కాలేదు. అలాంటి కుటుంబాలు పది పదిహేను కలిసి ఒక విహారపు పడవనూ, దాని రేవు పక్కన ఒక చిన్న కాఫీ హోటల్‌నూ సొంతంగా పెట్టుకుని నడపదలిస్తే ఏయే పనులు ఏ వరుసలో చేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

అన్నిటికంటే ముందు మీరు మనసులో నాటుకోవలసిన విషయం ఒకటుంది. కాలువ నీరు మొదట పొలానిది, ఊరి మంచినీటి చెరువుది. ఆ తరువాతే పడవది. ఏటా ఏప్రిల్‌లో దాళ్వా (రబీ) పంట ముగిశాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, జూన్‌లో సార్వాకు (ఖరీఫ్‌కు) నీరు వదులుతారు. నీటి ఎద్దడి ఉన్న ఏడాది దాళ్వాకు వంతులవారీగా నీరిస్తారు కనుక కాలువ మట్టం కొన్ని రోజులు పడవ నడవలేనంతగా పడిపోతుంది. పడవ మీది రాబడిని మాత్రమే నమ్ముకున్న సంఘం ఈ నెలల్లో జీతాలు ఇవ్వలేక చీలిపోతుంది. అందుచేత పడవ జనాన్ని రప్పించడానికీ, కాఫీ హోటల్ సంఘాన్ని ఏడాది పొడవునా నిలబెట్టడానికీ అని మొదటి రోజునే నిర్ణయించుకోండి. ఇకపై చెప్పేవన్నీ ఈ నిర్ణయాన్ని అనుసరించే ఉంటాయి.

మొదటి పని: కాలువను కొలవడం

పడవ కొనడానికి ముందు, సంఘం రిజిస్టరు చేయడానికి కూడా ముందు, మీరు నడపదలచిన దారిని ఒక నాటు పడవలో ఆ చివర నుంచి ఈ చివర వరకు తిరిగి చూడండి. ఒక గెడ, ఒక టేపు, ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి వంతెన దగ్గరా నీటి నుంచి వంతెన అడుగు భాగానికి ఎంత ఎత్తుందో, కాలువ నిండుగా పారుతున్నప్పుడు ఒకసారీ, తగ్గినప్పుడు మరోసారీ కొలిచి రాసుకోండి. తరువాతి కాలంలో రోడ్ల కోసం కట్టిన వంతెనలు పాత వంతెనలకంటే కిందికి ఉండవచ్చు. మీ పడవ కప్పు ఎత్తును నిర్ణయించేది వాటిలో అన్నిటికన్నా కిందికి ఉన్న వంతెనే. నీళ్లపైనుంచి పోయే మంచినీటి గొట్టాలనూ, కరెంటు తీగలనూ, పశువులను కడిగే రేవులనూ, ఆడవాళ్లు బట్టలుతికే మెట్లనూ, పిల్లలు ఈతకు దిగే చోట్లనూ కూడా గుర్తించండి. ఆ రేవుల ముందు పడవ వేగం తగ్గించాలన్నది మీ మొట్టమొదటి నియమం కావాలి.

లాకులు దాటే ప్రయాణాలతో మొదలుపెట్టవద్దు. చాలాచోట్ల లాకు తలుపులు పనిచేసే స్థితిలో లేవు. పనిచేసే చోట కూడా వాటిని తెరవడం జలవనరుల శాఖ సిబ్బంది చేతిలో ఉంటుంది. రెండు లాకుల మధ్య పడవ తిరిగి రావడానికి వెడల్పున్న ఒక మేర ఎంచుకుని, గంట లేదా గంటన్నరలో బయలుదేరిన రేవుకే చేరేటట్లు దారి వేసుకోండి. లాకు ఎలాగూ చూడదగినదే. ఉదాహరణకు ఆత్రేయపురం మండలంలోని లొల్ల లాకుల దగ్గర మధ్య డెల్టా ప్రధాన కాలువ చీలుతుంది. అలాంటి చోట పడవను ఎగువనే కట్టి, ప్రయాణికులను గట్టు మీద నడిపించి, నీటిని ఎలా పంచుతారో వివరించవచ్చు. ఆ వివరణ తెలిసిన పాత లస్కరు, అంటే కాలువ నీటిని, లాకులను చూసుకునే ఉద్యోగి, ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఆయనను సంఘంలో చేర్చుకోండి, ఆయన చెప్పే మాటలకు విలువ కట్టలేము.

కాలువ మూసే, తెరిచే తేదీలను జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం మీకు పత్రికల ద్వారా కాక నేరుగా తెలిసేటట్లు సెక్షను ఇంజనీరుతో పరిచయం పెట్టుకోండి.

సంఘం కట్టుకోవడం

1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, అంటే అందరూ మ్యాక్స్ చట్టమని పిలిచేది, ఈ పనికి బాగా సరిపోతుంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమంది కలిసి సంఘం పెట్టవచ్చు. ప్రభుత్వ వాటా ధనం ఉండదు కనుక పెత్తనమూ సభ్యులదే, నష్టమూ సభ్యులదే. ఎంత వాటా పెట్టినా మనిషికి ఒకటే ఓటు. సభ్యులను ఎంచుకునేటప్పుడు డబ్బు పెట్టగలవారిని కాక పని చేయగలవారిని చూడండి: పడవ నడిపిన అనుభవం ఉన్న సరంగులు, వారికి సాయంగా పడవ మీద పనిచేసే కళాసీలు, వంట చేయగల డ్వాక్రా సంఘాల మహిళలు, ఇంజను మరమ్మతు తెలిసినవారు ఒకరు, లెక్కలు రాయగలవారు ఒకరు. ఊరి పెద్దను గౌరవార్థం అధ్యక్షునిగా కూర్చోబెట్టే అలవాటు చాలా సంఘాలను దెబ్బతీసింది. పనిలో పాలు లేనివారికి పదవి ఇవ్వకపోవడమే మేలు.

ఉపనిబంధనలు రాసుకునేటప్పుడు నమూనా ప్రతిని యథాతథంగా నకలు చేయకుండా, తగాదా రాగల ప్రతి విషయాన్నీ అందులో తేల్చుకోండి. మిగులును వాటా ధనాన్ని బట్టి కాక, ఎవరు ఎన్ని రోజులు పనిచేశారన్న దాన్ని బట్టి పంచాలని రాయండి. పంచడానికి ముందే అందులో ఒక నిర్ణీత భాగం రిజర్వు నిధికీ, మరో భాగం పడవ మరమ్మతు నిధికీ పోవాలని రాయండి. పడవలో పనిచేసేవారికీ, వంటింట్లో పనిచేసేవారికీ రోజు కూలి సమానంగా ఉండాలా వద్దా అన్నది ఇప్పుడే చర్చించండి. సమానంగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం: పడవ కట్టేసిన నెలల్లో సరంగు ఇంటికి బియ్యం వచ్చేది పెసరట్టు పెనం మీదనుంచే.

అన్నిటికన్నా ముఖ్యమైన నిబంధన ఒకటుంది. పడవ కదలాలా వద్దా అన్న విషయంలో ఆ రోజు డ్యూటీలో ఉన్న సరంగుదే తుది మాట కావాలి. గాలి, వాన, నీటి వేగం, జనం ఎక్కువ కావడం, వీటిలో ఏ కారణం చేత ఆయన వద్దన్నా అధ్యక్షుడు గాని, కార్యదర్శి గాని, వచ్చిన అతిథి ఎంత పెద్దవారైనా గాని ఆ మాటను మార్చే అధికారం ఉండకూడదు; ఆ రోజు కూలి కూడా ఆయనకు కోత పడకూడదు. కూలి పోతుందన్న భయం ఉన్న మనిషి చేత సరైన నిర్ణయం చేయించలేము.

పడవ ఎలాంటిది ఉండాలి

కాలువకు పనికొచ్చే పడవ వెడల్పైన చదును అడుగుతో, తక్కువ లోతు నీళ్లలో తేలేటట్లు, ఒకే అంతస్తుతో ఉండాలి. పై అంతస్తు వేస్తే ఎక్కువమందిని ఎక్కించవచ్చని పడవ కట్టేవారు ఆశ పెడతారు, ఒప్పుకోవద్దు. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడి జలాశయంలో రెండంతస్తుల పర్యాటక బోటు, జంతువులను చూడడానికి ప్రయాణికులు ఒకే పక్కకు చేరేసరికి ఒరిగిపోయి 45 మంది చనిపోయారు. 2023 మే 7న అదే రాష్ట్రంలోని తానూరు దగ్గర 22 మందిని బలిగొన్న బోటు, చేపల వేట పడవను విహారానికి మార్చి కట్టినది. కాబట్టి పాత పడవను చౌకగా కొని మార్పులు చేయించుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి.

ఇరవై నాలుగు సీట్లకు మించని పడవతో మొదలుపెట్టమని నా సలహా. సర్వేయరు చేసే స్థిరత్వ పరీక్షకు ముందే మీరు రేవులో ఒక పరీక్ష చేసుకోవచ్చు. మన జిల్లాల్లో ధాన్యం బస్తా 75 కిలోలు; లెక్కలకు ఒక మనిషి బరువూ సుమారు అంతే. ఇరవై నాలుగు బస్తాలు సీట్ల మీద సర్ది, నీరు పడవ అంచుకు ఎంత కిందన ఉందో కొలవండి. తరువాత ఆ బస్తాలన్నిటినీ ఒకే పక్కకు చేర్చి మళ్లీ కొలవండి. ఆ స్థితిలో అంచు నీటికి బాగా దగ్గర పడితే సీట్లు తగ్గించాలి, అంతేగాని జనాన్ని కదలకుండా కూర్చోమని చెప్పి నడపకూడదు. పక్కన ఏనుగు కనిపించినా, కొంగల గుంపు లేచినా జనం లేచి ఒక పక్కకు వస్తారన్నది ఖాయం. ఈ పరీక్ష ప్రయాణికులు ఎక్కకముందు, లోతు తక్కువ ఉన్నచోట, ఈత వచ్చిన ఇద్దరిని పక్కన పెట్టుకుని చేయండి.

వేగం అక్కర్లేదు. బ్రిటన్ కాలువల మీద గంటకు 4 మైళ్లకు మించకూడదన్న నియమం ఉంది. మన మట్టి గట్లకూ అది తగిన హద్దే. అంతకు మించితే పడవ లేపే అల గట్టును కోస్తుంది, గట్టు కోస్తే రైతులు మిమ్మల్ని నడపనివ్వరు, వారి వైపు న్యాయం ఉంటుంది కూడా. నెమ్మదిగా నడిచే పడవకు విద్యుత్ మోటారు సరిపోతుంది. కేరళలో 2017 జనవరిలో మొదలైన 75 సీట్ల సౌర పడవ ‘ఆదిత్య’ వైక్కం, తవణక్కడవుల మధ్య ప్రయాణికులను రోజూ చేరవేసి, ఈ పద్ధతి నిలకడగా పనిచేస్తుందని చూపించింది. మొదట్లో ఖర్చు ఎక్కువైనా డీజిలు చుక్క తాగునీటి కాలువలో పడదు. ఇంజను మోత లేనందువల్ల వివరణ చెప్పే గొంతు చివరి సీటు దాకా వినిపిస్తుంది.

గుర్రపుడెక్క మీ నిత్య శత్రువు. అది ప్రొపెల్లరుకు చుట్టుకున్నప్పుడల్లా కళాసీ నీళ్లలోకి దిగవలసి వస్తే ఏదో ఒకరోజు ప్రమాదం తప్పదు. పడవ లోపలినుంచే, ప్రొపెల్లరుకు సరిగ్గా పైన, బిగుతైన మూత ఉన్న ఒక చిన్న గూడు పెట్టించుకుంటే మోటారు ఆపి, మూత తీసి, కత్తితో డెక్కను కోసివేయవచ్చు. ఆ గూడు అంచులు నీటి మట్టానికి పైన ఉండాలనీ, మూత బిగించనిదే మోటారు వేయకూడదనీ గుర్తుంచుకోండి.

అనుమతులు

1917 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవకు సర్వే, రిజిస్ట్రేషన్, సిబ్బందికి అర్హత పత్రాలు, బీమా తప్పనిసరి. పడవ కట్టించడానికి ముందే నమూనా చిత్రాన్ని సర్వేయరుకు చూపించండి. కట్టాక మార్పులు చెబితే ఖర్చు రెట్టింపవుతుంది. కాలువ వాడుకోవడానికీ, రేవు కట్టుకోవడానికీ జలవనరుల శాఖ అనుమతి వేరుగా కావాలి. కాలువ గట్టు ప్రభుత్వ భూమి. దాని మీద శాశ్వత కట్టడం కట్టి, దాన్నే ఆధారం చేసుకుని అప్పు తెచ్చిన సంఘం ఒక్క నోటీసుతో కూలిపోతుంది. హోటల్‌కు గట్టు రోడ్డుకు అవతలి పక్క పట్టా స్థలం లీజుకు తీసుకోండి. హోటల్‌కు పంచాయతీ లైసెన్సు, ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ లేదా లైసెన్సు, వంటవారికి వైద్య పరీక్ష పత్రాలు ఉండాలి. పడవ టికెట్లు, హోటల్ అమ్మకాలు కలిపి ఏడాదికి 20 లక్షల రూపాయలకు చేరువవుతుంటే జీఎస్‌టీ విషయం ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి.

ప్రయాణికుల క్షేమం

2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర జరిగిన పడవ ప్రమాదమూ, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదమూ మన జిల్లాల్లో ఇంకా మానని గాయాలు. మొదటిదాంట్లో అనుమతి లేని పడవలో, లైఫ్ జాకెట్లు లేకుండా జనాన్ని ఎక్కించారు. రెండోది వరద ఉద్ధృతంగా ఉన్న రోజున జరిగింది. కాలువ నదికంటే చిన్నదే గాని, ఈత రాని పసివాడికి ఆరడుగుల లోతూ అరవై అడుగుల లోతూ ఒకటే.

లైఫ్ జాకెట్ వేసుకుని బకిల్ బిగించాకే మనిషి పడవ ఎక్కే పలక మీద అడుగు పెట్టాలి. ఎక్కాక వేసుకుంటామన్న మాట వినవద్దు. పిల్లల కొలతల జాకెట్లు విడిగా, వేరే రంగులో ఉంచండి. ఒడిలో పిల్లలనూ లెక్కలో చేర్చండి. టికెట్ ఇచ్చేవారు ఒక లెక్క, కళాసీ పలక దగ్గర మరో లెక్క వేసి, రెండూ కలిస్తేనే తాడు విప్పాలి. పేర్ల జాబితా ఒకటి రేవులోనే ఉండిపోవాలి. విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి పిడుగుల హెచ్చరిక వచ్చినప్పుడు బయలుదేరవద్దు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయినప్పుడు, మీ కాలువ ప్రశాంతంగా కనిపించినా పడవ కట్టేయండి. నది నుంచి కాలువలోకి నీరు వదిలే హెడ్ స్లూయిస్ దగ్గర చేసే మార్పులతో కాలువ మట్టం ఎప్పుడు ఎలా మారుతుందో మీకు తెలియదు.

మద్యం తాగి వచ్చినవారికి డబ్బు వెనక్కి ఇచ్చి పంపేయండి. ఈ మాట టికెట్ మీద అచ్చు వేయించండి.

కాఫీ హోటల్

పడవ మీద వంట చేయవద్దు. గ్యాసు బండ, వేడి నూనె, కదిలే నేల, జాకెట్లు తొడుక్కున్న జనం ఒకచోట ఉండకూడదు. పడవలో ఇవ్వదగినవి కొబ్బరి బొండాలు, ఫ్లాస్కులో టీ, ఆకులో కట్టిన ఉప్మా వంటివి మాత్రమే. అసలు వంట అంతా గట్టు పక్కన జరగాలి.

వంటల జాబితా చిన్నదిగా, ఆ ఊరిదిగా ఉండాలి. పొద్దున పెసరట్టు, పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు. సాయంత్రం పుణుగులు, మినప గారెలు. ఎప్పుడైనా ఫిల్టర్ కాఫీ. పూతరేకులు మీరు చేయనక్కర్లేదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అక్కడి మహిళల దగ్గర తెచ్చి వారి ఊరి పేరుతోనే అమ్మండి. నగరాల్లో దొరికే నూడుల్సు, ఫ్రైడ్ రైసు పెడితే కుర్రకారు వస్తారని కొందరు సభ్యులు అంటారు. రావచ్చు, కాని కాలువ కట్టేసిన మే నెలలో మీ హోటల్‌కు వచ్చేది పడవ ప్రయాణికులు కారు, ఆ రోడ్డున పోయే పొలం రైతులు, బడి పంతుళ్లు, లారీ డ్రైవర్లు. వారికి పొద్దున ఆరింటికి వేడి టిఫిను, మంచి టీ, కూర్చోవడానికి నీడ కావాలి. ధరలు వారిని బట్టి పెట్టండి. పర్యాటకుని జేబు చూసి పెట్టిన ధర ఊరివాళ్లను దూరం చేస్తుంది.

మరుగుదొడ్డి హోటల్ దగ్గర, సెప్టిక్ ట్యాంకుతో, కాలువకు దూరంగా ఉండాలి. ఆ కాలువ నీటితోనే వేసవికి మంచినీటి చెరువులు నింపుకుంటారు కనుక గిన్నెలు కడిగిన నీరు కూడా అందులో కలవకూడదు. ప్లాస్టిక్ సీసాలు, గ్లాసులు పడవలోకి తీసుకెళ్లనివ్వకండి. డెక్క తీసినప్పుడు దాన్ని మళ్లీ నీళ్లలోకి తోయకుండా గట్టు మీద వేసి ఎండబెట్టండి.

డబ్బు లెక్క

ఒక ఊహాలెక్క చూద్దాం. పడవకు సంబంధించిన జీతాలు, బీమా, అప్పు వాయిదా కలిపి నెలకు 90,000 రూపాయలనుకుంటే ఏడాదికి 10,80,000. కాలువ కట్టేసిన రోజులు, వాన, వంతులు పోగా పడవ 250 రోజులు తిరిగిందనుకోండి. అందులో సెలవు రోజులు 70; రోజుకు మూడు ప్రయాణాలు, ఒక్కోదానికి 18 మంది. మిగిలిన 180 రోజులు రోజుకు ఒక్క ప్రయాణం, 8 మంది. మొత్తం 5,220 టికెట్లు. టికెట్ 200 రూపాయలైతే రాబడి 10,44,000. అంటే పడవ బాగానే నడిచిన ఏడాది కూడా 36,000 లోటు, అది కూడా మరమ్మతు నిధికి ఏమీ తీయకుండా. ఈ లోటు కాఫీ హోటల్ పూడ్చాలి. మీ అంకెలు వేరుగా ఉండవచ్చు; కాని సభ్యులందరి ముందూ బల్ల మీద ఇలా లెక్క వేయనిదే అప్పు కాగితం మీద సంతకం పెట్టవద్దు.

పడవకూ హోటల్‌కూ పద్దులు వేరువేరుగా రాయండి, లేకపోతే ఏది ఎవరిని మోస్తోందో తెలియక నిందలు మొదలవుతాయి. టికెట్లకు వరుస అంకెలుండాలి. ఫోన్ చెల్లింపుల క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే కావాలి. కార్యదర్శి సొంత ఖాతాది ఒక్క రోజైనా అతికించవద్దు, ఆయన ఎంత నిజాయతీపరుడైనా సరే. బ్యాంకు లావాదేవీలకు ఇద్దరి సంతకాలు, వాటిలో ఒకటి హోటల్ వైపు సభ్యురాలిది ఉండాలి. ప్రతి సాయంత్రం ఆ రోజు రాబడి, ఖర్చు రేవు దగ్గర పలక మీద సుద్దతో రాస్తే, ఏడాదికోసారి వచ్చే ఆడిట్ కంటే అది సభ్యులకు ఎక్కువ నమ్మకం ఇస్తుంది.

కాలువ కట్టేసిన నెలల్లో

నీరు తగ్గడానికి ముందే పడవను ఒడ్డుకు లాగి, అడుగు గీకి, రంగు వేసి, ప్రొపెల్లరు షాఫ్టు, చుక్కాని, బ్యాటరీ తీగలు తనిఖీ చేయించండి. జాకెట్లను ఒక్కొక్కటిగా నీళ్లలో పరీక్షించి చిరిగినవి పారేయండి. కాలువ ఎండినప్పుడు మీ దారి పొడవునా నడిచి, అడుగున ఉన్న రాళ్లు, మొద్దులు, ఇనుప ఊచలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. తీయగలిగినవి శాఖ అనుమతితో తీయించండి. సర్వసభ్య సమావేశం ఈ నెలల్లోనే పెట్టండి, అప్పుడే అందరికీ తీరిక ఉంటుంది. సర్వే, బీమా, సిబ్బంది పత్రాలు, హోటల్ లైసెన్సు, వీటన్నిటి గడువు తేదీలను ఒకే కాగితం మీద రాసి, వీలైనవన్నీ మే నెలాఖరులోగా పునరుద్ధరించుకునేటట్లు చూసుకోండి. జూన్‌లో నీరు వదిలాక పత్రాల కోసం పడవను రేవులో కట్టి ఉంచవలసిన అవసరం రాదు.